కొల్లేటి గట్టున రోజంతా నడక

కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య కొల్లేరు ఉంది. బుడమేరు, తమ్మిలేరు వచ్చి ఇందులో కలుస్తాయి. నిండిన నీరు ఉప్పుటేరు గుండా సముద్రానికి పోతుంది. సరస్సు చుట్టూ ఊళ్ళున్నాయి. సరస్సు లోపల లంకల మీద కూడా ఊళ్ళున్నాయి. ఒకప్పుడు ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి తాటి దోనెల మీద వెళ్ళేవారు. ఇప్పుడు చాలా ఊళ్ళకు గట్ల మీద రోడ్లు పడ్డాయి.

ఫాల్గుణ మాసంలో కొల్లేటికోటలో పెద్దింట్లమ్మ జాతర జరుగుతుంది. నడిచి వస్తామని మొక్కుకున్న ఆడవాళ్ళు గుంపుగా బయలుదేరతారు. పిల్లలు, ముసలివాళ్ళు కూడా వెంట ఉంటారు. ఇలాంటి నడకకు ముందురోజే లెక్క చూసుకోవాలి. లేకపోతే గట్టు మీదే చీకటి పడుతుంది. గట్టుకు రెండు పక్కలా నీళ్ళు, చేపల చెరువులు. దీపం ఉండదు. పక్కకు తప్పుకునే చోటూ ఉండదు.

దూరం ఎంత?

దారిలో ఎవరినడిగినా "ఎంతో లేదమ్మా, ఆ తాటిచెట్ల అవతలే" అంటారు. రోజూ సైకిల్ మీద పోయేవాళ్ళకు అది దగ్గరే. చంటిబిడ్డను ఎత్తుకుని నడిచే తల్లికి దగ్గర కాదు. అందుకే దూరాన్ని కిలోమీటర్లలో తెలుసుకోవాలి.

రోడ్డు పక్కన కిలోమీటరు రాళ్ళుంటాయి. రాయి తల పసుపు రంగులో ఉంటే అది జాతీయ రహదారి. ఆకుపచ్చగా ఉంటే రాష్ట్ర రహదారి. రాయి మీద ముందున్న ఊరి పేరు, దాని కింద అంకె ఉంటాయి. ఆ అంకె ఇంకా ఎన్ని కిలోమీటర్లు నడవాలో చెబుతుంది. కొన్ని గట్ల మీద రాళ్ళుండవు. అప్పుడు ఆ ఊరు వెళ్ళే ఆటో డ్రైవరునో, బస్సు కండక్టరునో ముందే అడిగి రాసుకోవాలి.

టైము లెక్క

బలంగా ఉన్న మనిషి గంటకు 4 నుంచి 5 కిలోమీటర్లు నడుస్తుంది. పిల్లలు, ముసలివాళ్ళు ఉన్న గుంపు 3 కిలోమీటర్లే నడుస్తుంది. గుంపులో అందరికంటే మెల్లగా నడిచే మనిషిని బట్టి లెక్క వెయ్యాలి.

దారి 18 కిలోమీటర్లు అనుకుందాం.

నడక: 6 గంటలు.
గంటకోసారి 10 నిమిషాలు కూర్చుంటే, 5 సార్లకు: 50 నిమిషాలు.
అన్నం తినడానికి: 1 గంట.
మొత్తం: 7 గంటల 50 నిమిషాలు. అంటే దాదాపు 8 గంటలు.

పొద్దున 6 గంటలకు బయలుదేరితే మధ్యాహ్నం 2 గంటలకు చేరతారు. దర్శనానికి, ఆలస్యానికి టైము మిగులుతుంది. 9 గంటలకు బయలుదేరితే చేరేసరికి సాయంత్రం 5 అవుతుంది. మార్చి మొదట్లో ఆరుంపావుకు పొద్దు గూకుతుంది.

తిరిగి వచ్చే ఆఖరి బస్సు ఎన్నింటికో ముందే కనుక్కోవాలి. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్ళకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. ఆధార్ వంటి గుర్తింపు కార్డు చూపించాలి. టికెట్టు ఉచితమే గాని, బస్సు మన కోసం ఆగదు.

నీళ్ళు

కొల్లేరును మంచినీటి సరస్సు అంటారు. అంటే సముద్రంలా ఉప్పు నీరు కాదని అర్థం. తాగవచ్చని అర్థం కాదు. ఊళ్ళ మురుగు, ఫ్యాక్టరీల నీరు, చేపల చెరువుల నీరు అందులో కలుస్తాయి. తాగే నీళ్ళు ఇంటి నుంచి తీసుకెళ్ళాలి. మనిషికి కనీసం 2 లీటర్లు కావాలి. దారిలో ఎక్కడ మంచినీళ్ళు దొరుకుతాయో అడిగి పెట్టుకోవాలి.

దారిలో మరుగు ఉండదని చాలామంది ఆడవాళ్ళు నీళ్ళు తాగడం మానేస్తారు. దానివల్ల కళ్ళు తిరుగుతాయి. మూత్రంలో మంట వస్తుంది. నీళ్ళు మానడం కాదు, చోటు ముందే చూసుకోవాలి. దారిలో ఉన్న ఊళ్ళో తెలిసిన ఇల్లు ఉందేమో కనుక్కోవాలి. బడిలో గాని, అంగన్‌వాడీలో గాని అడగవచ్చు.

ఎండకు నీరసం వస్తే నీడన కూర్చోబెట్టాలి. లీటరు మంచినీళ్ళలో 6 చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి కొంచెం కొంచెంగా తాగించాలి. చెంచాలు తలకొట్టి కొలవాలి. మాట తడబడినా, తెలివి తప్పినా నోట్లో నీళ్ళు పొయ్యకూడదు. వెంటనే 108కి ఫోన్ చెయ్యాలి. వేరే ఏ ఆపద వచ్చినా 112కి చెయ్యాలి.

సంచిలో ఏముండాలి?

పులిహోర, అటుకులు, బెల్లం, అరటిపళ్ళు. తలకు కప్పుకునే గుడ్డ. టార్చిలైటు. రోజూ వేసుకునే మందులు. నెలసరి దగ్గరలో ఉంటే గుడ్డలు గాని, ప్యాడ్లు గాని. కాళ్ళకు పాత చెప్పులే మేలు. కొత్త చెప్పులు కరుస్తాయి.

ఎక్కడ ఆగాలి?

6 గంటలకు బయలుదేరిన గుంపు తొమ్మిదిన్నరకు సగం దారి, అంటే 9 కిలోమీటర్లు రావాలి. పది దాటినా రాకపోతే నడక ఆపి, దగ్గరి ఊళ్ళో బస్సో ఆటోనో ఎక్కాలి. మొక్కు ఉందని కాళ్ళీడ్చుకుంటూ పోతే ఆపద ఒక్కరికే కాదు, గుంపు మొత్తానికి. ఈ మాట ఇంటి దగ్గరే అందరూ ఒప్పుకోవాలి. దారిలో ఒప్పించడం కష్టం. వెనకబడిన మనిషిని ఒంటరిగా వదిలి ముందుకు పోకూడదు.

వానాకాలంలో ఈ నడక పెట్టుకోకూడదు. 2024 సెప్టెంబరులో బుడమేరుకు వరద వచ్చినప్పుడు కొల్లేటి ఊళ్ళ రోడ్లు మునిగాయి. చలికాలం మంచిది. అప్పుడు ఆటపాక దగ్గర గూడబాతులను కూడా చూడవచ్చు.

ఇంట్లో ఒక కాగితం

వెళ్ళేవాళ్ళ పేర్లు, దాటే ఊళ్ళ పేర్లు వరసగా, ఫోన్ నంబరు, తిరిగి వచ్చే టైము ఒక కాగితం మీద రాయాలి. ఆ కాగితం ఇంట్లో ఇవ్వాలి. చెప్పిన టైముకు రాకపోతే ఎక్కడ వెతకాలో ఇంట్లోవాళ్ళకు తెలుస్తుంది. దీన్ని రాయడానికి ఇంకొకరిని బతిమాలక్కరలేదు. అక్షరాలు, అంకెలు నేర్చుకున్న ప్రతి ఆడమనిషీ రాయగలదు.

కలిసి కూర్చుని మాట్లాడండి

1. మీ ఊరి నుంచి పక్క ఊరు ఎన్ని కిలోమీటర్లు? రాయి చూసి రాయండి.
2. గంటకు 3 కిలోమీటర్లు నడిస్తే 12 కిలోమీటర్లకు ఎంత టైము పడుతుంది? గంటకోసారి 10 నిమిషాలు కూర్చుంటే ఎంత?
3. మీ గుంపులో మెల్లగా నడిచేది ఎవరు? ఆమె కోసం ఏం మార్చాలి?