ల్యాండ్‌లైన్‌లో రేడియో వినిపిస్తోందా? లోపం ఇంట్లోనా, బయటి లైన్‌లోనా? ఇలా తేల్చుకోండి

ఫోన్ ఎత్తితే అవతలి మాటల వెనక రేడియో వార్తలో, పాటలో సన్నగా వినిపిస్తుంటాయి. చాలామంది ఫోన్ పాడైందనుకుని కొత్తది కొంటారు. అదీ అలాగే మోగుతుంది. యాకుత్‌పురా లాంటి పాతబస్తీ గల్లీల్లో పెద్దవాళ్లు డాక్టరుకో, 108కో ఫోన్ చేసేందుకు ల్యాండ్‌లైన్‌పైనే ఆధారపడే ఇళ్లలో ఇది చిన్న ఇబ్బంది కాదు.

ఎందుకిలా?

గోడల మీదుగా, స్తంభాల మీదుగా వచ్చే పొడవాటి రాగి తీగ యాంటెనాలా పనిచేస్తుంది. హైదరాబాద్ ఆకాశవాణి 'ఎ' కేంద్రం 738 కిలోహెర్ట్జ్‌పై వచ్చే మీడియం వేవ్ ప్రసారం. ఇందులో మాటను బట్టి తరంగం బలం పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. తుప్పు పట్టిన జాయింటు గానీ, ఫోన్‌లోని సర్క్యూటు గానీ ఆ తరంగం నుంచి మాటను విడదీస్తే అది రిసీవర్‌లో వినిపిస్తుంది. ఎఫ్‌ఎం ప్రసారం ఇంత తేలిగ్గా ఇలా చొరబడదు.

అన్ని చప్పుళ్లూ రేడియోవి కావు. వానొస్తే చిటపటలాడితే జాయింట్లలోకి నీరు చేరి ఉండొచ్చు. ఆగి ఆగి 'టిక్ టిక్' మంటే పక్కనున్న సెల్‌ఫోన్‌ను దూరం పెట్టి చూడండి. ఎడతెగని 'బుయ్' శబ్దమైతే కరెంటు తీగలనో, చార్జర్‌నో అనుమానించాలి.

పది నిమిషాల పరీక్ష

1. ఇంట్లోని ఫోన్లు, మోడెం, ఎక్స్‌టెన్షన్ వైర్లు అన్నీ తీసేయండి.
2. బయటి లైను ఇంట్లోకి వచ్చి చేరే మొదటి డబ్బాకు, కరెంటు అక్కర్లేని మామూలు వైరు ఫోన్ తగిలించండి.
3. శబ్దం పోతే లోపం ఇంట్లోదే. ఒక్కొక్కటే తిరిగి తగిలిస్తే ఏదో తెలుస్తుంది. రాగి తీగపైనే బ్రాడ్‌బ్యాండ్ ఉంటే ప్రతి ఫోన్‌కూ ఫిల్టర్ ఉండాలి. వైరుకు ఫెరైట్ క్లిప్ బిగించినా కొన్నిసార్లు తగ్గుతుంది.
4. శబ్దం అలాగే ఉంటే లోపం చాలామటుకు బయటి లైన్‌ది. దాన్ని బాగుచేయాల్సింది టెలిఫోన్ సంస్థే.

ఫిర్యాదు ఇలా

బిల్లుపై ఉన్న కస్టమర్ కేర్ నంబర్‌కు ఫోన్ చేసి, పరీక్ష చేసిన సంగతి చెప్పండి. డాకెట్ నంబర్ తప్పక రాసుకోండి. గడువులోగా బాగుచేయకపోతే ట్రాయ్ 2012 నిబంధనల ప్రకారం 30 రోజుల్లోగా అదే సంస్థలోని అప్పిలేట్ అథారిటీకి అప్పీలు చేసుకోవచ్చు. అక్కడా పని కాకపోతే కేంద్ర టెలికాం శాఖ ఫిర్యాదుల విభాగం 1063 ఉంది.

ఫైబర్ కనెక్షన్‌కు మారినవారికి బయటి లైన్‌లో ఈ బెడద ఉండదు. అందులో నడిచేది కాంతి, కరెంటు కాదు.