ముద్దచర్మ వ్యాధి: టీకా వైరస్సా, తెగులు వైరస్సా?

మన దేశంలో ముద్దచర్మ వ్యాధిని 2019లో ఒడిశాలో మొదట గుర్తించారు. 2022లో అది పలు రాష్ట్రాలలో తీవ్రరూపం దాల్చింది. నివారణకు ఆవులకు గోట్ పాక్స్ టీకా వేస్తున్నారు. టీకా వేసిన వారానికే గడ్డలు లేస్తే రైతు టీకానే తప్పుపడతాడు. సీరం పరీక్ష ఈ సందేహం తీర్చలేదు. ఈ వైరస్‌లు అంత దగ్గరి బంధువులు. జి.పి.సి.ఆర్. జన్యువును పి.సి.ఆర్.తో వృద్ధిపరచి, డి.ఎన్.ఎ. పోగులు విడివడే ఉష్ణోగ్రతను గమనిస్తే గొర్రె, మేక మశూచి వైరస్‌లు, ముద్దచర్మ వైరస్ వేర్వేరుగా తేలుతాయి.

రక్తంలో వైరస్ కొద్దిరోజులే ఉంటుంది, గడ్డల చెక్కులలో నెలకు పైగా నిలవగలదు. ప్రగతి నగర్ వంటి నగర శివారు పాకలలోనైనా సరే, రక్తంతో సరిపెట్టక చెక్కును కూడా మంచుపెట్టెలో పంపాలి. ఫలితం వచ్చేదాకా ఆవును వేరుగా కట్టాలి. దోమలు, జోరీగలు వైరస్‌ను మోస్తాయి.