మారుబేరంలో పెట్రోలుదే పైచేయి
హైబ్రిడ్ సూపర్‌కార్లను వెంటాడుతున్న బ్యాటరీ భయం

జోల్వా (సూరత్): సూరత్ జిల్లా పల్సాణా తాలూకాలోని జోల్వా బట్టల మిల్లుల ప్రాంతం. కొత్త రకం యంత్రం రాగానే పాత యంత్రం విలువ పడిపోవడం ఇక్కడివారికి కొత్త విషయం కాదు. వాటర్‌జెట్, రేపియర్ మగ్గాలు ప్రవేశించాక నాడెతో నడిచే పాత మరమగ్గం తూకానికి పోయే ఇనుముగా మారిన వైనం సూరత్‌లో స్థిరపడిన తెలుగు పద్మశాలి కుటుంబాలకు అనుభవమే. అయితే కోట్ల రూపాయలు పలికే సూపర్‌కార్ల బజారులో ఇందుకు పూర్తిగా విరుద్ధమైన పరిస్థితి నెలకొంది. ఆధునిక పరిజ్ఞానంతో తయారైన హైబ్రిడ్ కార్ల పునర్విక్రయ విలువ వేగంగా తరిగిపోతుండగా, కేవలం పెట్రోలుతో నడిచే పాత తరం కార్లు తమ ధరను నిలబెట్టుకుంటున్నాయి.

హైబ్రిడ్ అనగానే మన రైతులకు విత్తనాలు గుర్తుకు వస్తాయి. మోటారు వాహన రంగంలో పెట్రోలు ఇంజనుకు తోడుగా విద్యుత్ మోటారు, బ్యాటరీ అమర్చిన వాహనాన్ని ఈ పేరుతో పిలుస్తారు. ఐరోపాలో కాలుష్య నిబంధనలు కఠినతరమైన కారణంగా ఫెరారీ, లంబోర్గినీ, మెక్‌లారెన్ వంటి కంపెనీలు ఈ మార్గం పట్టాయి. 2024లో ఫెరారీ విక్రయించిన 13,752 కార్లలో 51 శాతం హైబ్రిడ్‌లే కావడం గమనార్హం.

తొలి తరానికి ఆదరణ

హైబ్రిడ్ సూపర్‌కార్లకు మొదటి నుంచీ ఈ దుస్థితి లేదు. 2013లో రంగప్రవేశం చేసిన లాఫెరారీ, మెక్‌లారెన్ పి1, పోర్షే 918 స్పైడర్ మూడూ హైబ్రిడ్‌లే. ఈనాటికీ అవి కొత్తగా అమ్ముడైన ధరకంటే ఎక్కువే పలుకుతున్నాయి. ఇటలీ భూకంప బాధితుల సహాయార్థం 2016 డిసెంబరులో వేలం వేసిన ఒక లాఫెరారీ 70 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది.

ఈ ఆదరణకు ప్రధాన కారణం కొరతే. పి1 కార్లు 375, పోర్షే 918 కార్లు 918 మాత్రమే తయారయ్యాయి. 2024 అక్టోబరులో ప్రకటించిన ఫెరారీ ఎఫ్80 కూడా హైబ్రిడే అయినప్పటికీ, తయారీని 799 కార్లకు పరిమితం చేయడంతో అన్నింటికీ ముందుగానే కొనుగోలుదారులు కుదిరారు. అంటే హైబ్రిడ్ అన్న ఒక్క కారణంతోనే ధర పడిపోవడం లేదన్నమాట.

చిక్కల్లా సంఖ్యాపరిమితి లేకుండా తయారైన కార్లతోనే వచ్చింది. 2019లో ఫెరారీ ప్రకటించిన ఎస్ఎఫ్90 స్ట్రడాలే కారు 1,000 అశ్వశక్తి గలది. 4 లీటర్ల వి8 ఇంజనుకు తోడు 3 విద్యుత్ మోటార్లు దీనికి ఉన్నాయి. 2022 నుంచి కొనుగోలుదారుల చేతికి అందిన మెక్‌లారెన్ ఆర్టురా 680 అశ్వశక్తి గల వి6 హైబ్రిడ్. భారత్‌లో దీని ధర సుమారు 5.1 కోట్ల రూపాయలుగా ప్రకటించారు. విదేశీ సెకండ్‌హ్యాండ్ మార్కెట్లలో ఈ రెండు కార్లూ కొత్త ధరకంటే బాగా దిగువకు పడిపోయాయి. మరోవైపు ఫెరారీ పెట్రోలు వి8 కార్లలో ఒకటైన ఎఫ్8 ట్రిబ్యుటో, 6.5 లీటర్ల వి12 ఇంజను గల 812 సూపర్‌ఫాస్ట్ కార్లకు గిరాకీ తగ్గలేదు. 2024లో తయారీ నిలిచిపోయిన లంబోర్గినీ హురకాన్ కారుకు ఆ కంపెనీ చివరి పెట్రోలు వి10గా ప్రత్యేక స్థానం దక్కింది.

బ్యాటరీయే అసలు సమస్య

పాత కారు కొనేవారి మొదటి ప్రశ్న బ్యాటరీ ఎన్నాళ్లు వస్తుందన్నదే. ఇంజను చెడిపోతే మరమ్మతు చేయగల నిపుణులు దొరుకుతారు. హైవోల్టేజి బ్యాటరీ విషయంలో కంపెనీ గడప తొక్కక తప్పదు. పైగా సూపర్‌కార్లు నెలల తరబడి షెడ్డులో కదలకుండా ఉంటాయి. చార్జింగ్ లేకుండా అలా నిలిపి ఉంచడం బ్యాటరీకి మంచిది కాదు. ఈ భయాన్ని గుర్తించిన ఫెరారీ 2024లో ప్రత్యేక వారంటీ పథకాన్ని ప్రవేశపెట్టింది. దీని ప్రకారం ఏటా సుమారు 7,000 యూరోలు చెల్లించే యజమానికి 8వ సంవత్సరంలోనూ, 16వ సంవత్సరంలోనూ కొత్త బ్యాటరీ అమరుస్తారు.

రెండో కారణం పరిజ్ఞానంలో వేగంగా వస్తున్న మార్పు. ఎస్ఎఫ్90, ఆర్టురా కార్లు కేవలం బ్యాటరీపై ప్రయాణించగలిగేది 25 నుంచి 31 కిలోమీటర్లు మాత్రమే. అంతకన్నా మెరుగైన బ్యాటరీ రాగానే పాతది వెలవెలబోతుంది. పెట్రోలు ఇంజనుకు ఈ బెడద లేదు. మూడోది అభిరుచికి సంబంధించినది. ఇటువంటి కార్లు కొనేవారు ఇంజను ధ్వనికీ, తేలికపాటి నిర్మాణానికీ ప్రాధాన్యమిస్తారు. బ్యాటరీ, మోటార్ల మూలంగా కారు బరువు పెరుగుతుంది.

కంపెనీల ఆలోచనలోనూ మార్పు కనిపిస్తోంది. 2030 నాటికి తమ కార్లలో 40 శాతం విద్యుత్, 40 శాతం హైబ్రిడ్, 20 శాతం పెట్రోలు రకాలు ఉంటాయని 2022లో ప్రకటించిన ఫెరారీ, 2025 అక్టోబరులో ఈ లెక్కను తిరగరాసింది. తాజా ప్రణాళికలో పెట్రోలు వాటా 40 శాతానికి పెరిగి, విద్యుత్ కార్ల వాటా 20 శాతానికి తగ్గింది.

మన దేశంలో పన్నుల లెక్క

కాగా భారత్‌లో ఈ వ్యవహారానికి పన్నుల కోణం కూడా ఉంది. 2025 బడ్జెట్ ప్రకారం 40,000 డాలర్లకు పైబడిన విదేశీ కార్లపై కస్టమ్స్ సుంకం, సెస్సు కలిపి 110 శాతం. అంటే 100 రూపాయల కారు రేవు దాటేసరికి 210 రూపాయలవుతుంది. దీనిపై జీఎస్టీ, సెస్సు కలిపి పెద్ద పెట్రోలు కారుకు 48 శాతం, హైబ్రిడ్‌కు 43 శాతం ఉండేవి. ఆ లెక్కన పెట్రోలు కారు 310.80 రూపాయలకూ, హైబ్రిడ్ 300.30 రూపాయలకూ తేలేవి. 2025 సెప్టెంబరు 22 నుంచి రెండింటికీ ఒకే విధంగా 40 శాతం జీఎస్టీ విధించడంతో ఏ కారైనా 294 రూపాయలే అవుతుంది. హైబ్రిడ్‌కు ఉన్న పన్ను వెసులుబాటు దీంతో రద్దయినట్లే.

అయితే 2025 జులై 24న భారత్, బ్రిటన్‌లు సంతకం చేసిన వాణిజ్య ఒప్పందం మరో చిత్రమైన పరిస్థితికి దారితీయనుంది. దీని ప్రకారం బ్రిటన్‌లో తయారైన పెట్రోలు కార్లపై సుంకం, నిర్ణీత కోటా మేరకు, మొదటి సంవత్సరం నుంచే తగ్గుతుంది. విద్యుత్, హైబ్రిడ్ కార్లకు తొలి 5 సంవత్సరాలు ఎటువంటి రాయితీ లేదు. ఇంగ్లండ్‌లోని వోకింగ్‌లో తయారయ్యే మెక్‌లారెన్ కార్లనే తీసుకుంటే, పెట్రోలు రకమైన 750ఎస్ కోటా పరిధిలో చౌకగా వచ్చే అవకాశం ఉండగా, ఆర్టురా పాత సుంకంతోనే రావలసి ఉంటుంది.

కొత్త కారు ధర దిగివస్తే అదే రకం పాత కారు ధర కూడా దిగివస్తుంది. అందువల్ల ఇప్పటికే పూర్తి సుంకం చెల్లించి పెట్రోలు కారు కొన్నవారికే ఇక్కడ నష్టభయం ఎక్కువ. ప్రపంచ మార్కెట్‌లో హైబ్రిడ్‌కు తగిలిన దెబ్బ మన దేశంలో పెట్రోలు కారు యజమానికి వేరే దారిలో తగిలే ప్రమాదం లేకపోలేదు. విదేశీ ధరలను చూసి సూరత్‌లోనో హైదరాబాద్‌లోనో బేరం కుదుర్చుకునేవారు ఈ సంగతి గుర్తించవలసి ఉంది.

సామాన్యుని హైబ్రిడ్‌కు ఢోకా లేదు

ఈ పరిణామాలు చూసి మధ్యతరగతి కుటుంబాలు ఆందోళన చెందనవసరం లేదు. 2022 చివరలో వచ్చిన టయోటా ఇన్నోవా హైక్రాస్ హైబ్రిడ్‌కు సెకండ్‌హ్యాండ్ మార్కెట్‌లోనూ మంచి గిరాకీ ఉంది. లీటరుకు 23.24 కిలోమీటర్ల మైలేజీ ఇస్తుందని కంపెనీ ప్రకటించిన ఈ కారు బ్యాటరీకి 8 సంవత్సరాలు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఉంది. ఇక్కడ బ్యాటరీ పెట్రోలు ఖర్చు తగ్గించి తన ధరను తానే రాబడుతుంది. సూపర్‌కారు కొనేవారికి పెట్రోలు ఖర్చు లెక్కలోనిది కాదు కనుక, అదే బ్యాటరీ వారికి భారంగా పరిణమిస్తోంది.

పాత హైబ్రిడ్ కొనదలచినవారు బ్యాటరీ సామర్థ్యంపై కంపెనీ ఇచ్చిన పరీక్షా నివేదికనూ, మిగిలివున్న వారంటీ గడువునూ, అది కొత్త యజమాని పేరుకు బదిలీ అవుతుందో లేదో కూడా ముందుగా సరిచూసుకోవడం మంచిది. జోల్వాలో మగ్గం కొన్నవారు అది రోజుకు ఎన్ని మీటర్లు నేస్తుందో చూసి ధర కడతారు. లక్షల్లో కొన్న కారైనా, కోట్లలో కొన్న కారైనా, అమ్మే రోజున అడిగేది మిగిలిన ఆయుష్షు ఎంతన్న ప్రశ్నే.