పనిచేసే యంత్రానికి ఉద్వాసన

కఠోపనిషత్తులోని వాజశ్రవసుని దానం సంగతి మన ఉపాధ్యాయులకు కొత్తది కాదు. సర్వస్వం ధారపోసే యాగం తలపెట్టి, ఆయన గోవులను దానమిచ్చినాడు. ఆ గోవులు తాగవలసిన నీరు తాగి, మేయవలసిన గడ్డి మేసి, ఈయవలసిన పాలు ఇచ్చివేసినవి. ఇటువంటి దానం చేసిన తండ్రికి ఏ లోకం ప్రాప్తించునోయని కుమారుడు నచికేతుడు కలతపడినాడు. నేడు మన కార్యాలయాలలో అంతకంటె చిత్రమైన గోదానం జరుగుతున్నది. ఆవు పాలిస్తూనే ఉన్నది, గడ్డి మేస్తూనే ఉన్నది. కాని ఇకమీదట దీనికి జబ్బు చేస్తే మందు దొరకదని అమ్మినవాడు చాటింపు వేసినాడు. యజమాని బెదిరిపోయి, దానిని పొరుగూరి బడికి తోలివేద్దామని ఆలోచిస్తున్నాడు.

ఆ చాటింపు అమలులోకి వచ్చిన దినం 2025 అక్టోబరు 14. విండోస్ 10 అనే ఆపరేటింగ్ సిస్టమునకు మైక్రోసాఫ్టు కంపెనీ ఆనాటితో సాధారణ మద్దతును ముగించినది. దాని తరువాతిదైన విండోస్ 11ను 2021 అక్టోబరులో విడుదల చేస్తూ, టీపీఎం 2.0 అనే రక్షణ సాధనమూ, రమారమి 2017 తరువాత వచ్చిన ప్రాసెసరూ ఉండి తీరవలెనని నియమం పెట్టినారు. అంతకు ముందు కొన్న యంత్రాలలో చాలా వాటికి ఈ యోగ్యత లేదు. ప్రపంచంలో 24 కోట్ల కంప్యూటర్లకు ఈ కారణాన గండం పట్టవచ్చునని కనాలిస్ అనే పరిశీలన సంస్థ 2023 డిసెంబరులో అంచనా కట్టినది. వాటి మీటలు అరగలేదు, తెరలు మసకబారలేదు. కాగితం మీద మాత్రం అవి వృద్ధాప్యంలో అడుగుపెట్టినవి.

బాపట్ల జిల్లా చెరుకుపల్లి వంటి మండల కేంద్రాన్ని తీసుకొనండి. ఉత్తరాన తెనాలి, తూర్పున రేపల్లె, నైరుతిని బాపట్ల. నడుమ కృష్ణా పశ్చిమ డెల్టా వరిపొలాలు. ఇటువంటి చోట కార్యాలయాలు, బ్యాంకులు, దరఖాస్తులు టైపు చేసి అచ్చుతీసే డీటీపీ దుకాణాలు ఉండనే ఉంటవి. పాత యంత్రం పక్కకు తొలగినప్పుడు దానికి మూడే దారులు: గదిమూల, పాత ఇనుము కొట్టు, లేదా ఎవరికైనా దానం. మొదటిది ఆలస్యంగా వచ్చే రెండవదే. మూడవ దారి ఉత్తమమని అందరమూ ఒప్పుకొంటాము. అయితే ఆ దానం ఎటువంటిదన్నదే ఇక్కడ విచారించవలసిన విషయం.

ముందు భయం సంగతి చూద్దాము, ఎందుకంటే అది ఉత్త భయం కాదు. 2017 మే నెలలో వన్నాక్రై అనే దుష్ట ప్రోగ్రాం లోకమంతటా వ్యాపించి, కంప్యూటర్లలోని పత్రాలకు తాళం వేసి, తాళంచెవికి వెల అడిగినది. ఇంగ్లండులో ఆసుపత్రుల పని స్తంభించినది. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడ దాని వాత పడినవి. ఆ జాబితాలో నాటి గుంటూరు జిల్లా ఉన్నది, చెరుకుపల్లి అప్పుడు ఆ జిల్లాలోనిదే. దీనికి విరుగుడును మైక్రోసాఫ్టు రెండు నెలల ముందే, మార్చిలో, విడుదల చేసినది. దానిని వేసుకొనక అశ్రద్ధ చేసినవారు చిక్కుకొన్నారు. 2014 ఏప్రిల్ 8తో మద్దతు ముగిసిన ఎక్స్‌పీ వాడకందార్లకైతే, ముప్పు ముంచుకొచ్చిన తరువాత గాని ఆ మందు దక్కలేదు. కనుక మద్దతులేని యంత్రాన్ని ఉన్నది ఉన్నట్లుగా బడికి పంపి, విద్యార్థుల చేతికిచ్చి, ఇంటర్నెట్టు తగిలించటమంటే, తనకు అక్కరలేని ముప్పును పిల్లలకు అంటగట్టటమే. నచికేతుడు చూస్తే ఊరుకొనేవాడు కాదు.

అలాగని ముక్కలు చేసి పారవేయటం ఒప్పుకోదగినదా? ఐక్యరాజ్యసమితి విశ్వవిద్యాలయం 2004లో వెలువరించిన లెక్క ఒకటి మన విద్యార్థులు గుర్తుంచుకోదగినది. ఆనాటి ఒక డెస్క్‌టాప్ కంప్యూటరునూ, దాని గాజుతెరనూ తయారుచేయటానికి 240 కిలోల ఇంధనం, 22 కిలోల రసాయనాలు, 1500 కిలోల నీరు పట్టినవట. మన బల్ల మీద అది తాగే విద్యుత్తు సంగతి వేరే. 2022లో ప్రపంచం పోసిన ఎలక్ట్రానిక్ చెత్త 6 కోట్ల 20 లక్షల టన్నులు. అందులో సక్రమంగా సేకరించి శుద్ధిచేసినట్లు లెక్కకు వచ్చినది నూటికి 22 పాళ్లే. తక్కినదానిలో కొంత ఎక్కడికి పోతుందో, తీగెలు కాల్చి రాగి తీసే చోట నిలబడి ఆ పొగ పీల్చినవారికి తెలుసును.

అందుచేత, ఆవుకు మరొక వైద్యుని వెతకవలెను. అటువంటి వైద్యుడు ఉన్నాడు. ఆయన పుట్టుకకు కారణం కూడ ఒక దానమే కావటం విశేషం. 1980 ప్రాంతంలో అమెరికాలోని ఎంఐటీ పరిశోధనశాలకు జిరాక్సు కంపెనీ ఒక లేజరు ముద్రణ యంత్రాన్ని ఉచితంగా ఇచ్చినది. అది దివ్యమైన యంత్రమే గాని, మాటిమాటికి కాగితం ఇరుక్కొనేది. ఇరుక్కున్నదన్న కబురు కంప్యూటర్లకు చేరేటట్లు, పాత యంత్రపు ప్రోగ్రామును రిచర్డ్ స్టాల్మన్ అనే యువకుడు తానే సవరించుకొని ఉన్నాడు. ఈ కొత్తదానికీ అలాగే చేయబోతే, దాని ప్రోగ్రాము మూలపాఠం ఎవరూ చూపలేదు. అది చేతనున్న ఒక ఆచార్యుణ్ణి అడిగితే, ఎవరికీ ఇవ్వనని మాట ఇచ్చినానని ఆయన నిరాకరించినాడు. యంత్రం దానంగా వచ్చినది, దానిని బాగుచేసుకొనే హక్కు మాత్రం వెంట రాలేదు. ఆ పట్టుదలతోనే స్టాల్మన్ 1983లో గ్నూ ఉద్యమాన్ని ప్రకటించినాడు. 1991లో ఫిన్లండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ రచించిన లినక్స్ దానికి జతపడినది. ఎవరైనా చదువుకొనవచ్చు, దిద్దుకొనవచ్చు, పంచిపెట్టవచ్చు. ఒక కంపెనీ విసుగుచెందినంత మాత్రాన దానికి మందు ఆగిపోదు. పది పన్నెండేళ్ల యంత్రం మీద కూడ తేలికపాటి లినక్స్ సుఖంగా నడుస్తుంది. పాత డిస్కు తీసి ఒక చిన్న ఎస్‌ఎస్‌డీ పెడితే మరీ చురుకెక్కుతుంది.

ఇది బడులకు సాధ్యమా అని సందేహించేవారికి మన పొరుగు మలయాళీలు జవాబు చెప్పినారు. కేరళ ప్రభుత్వం 2001లో ఆరంభించిన ఐటీ ఎట్ స్కూల్ పథకం కొన్నేళ్లలోనే స్వేచ్ఛా సాఫ్టువేరుకు మారి, ఉపాధ్యాయులకే ఆ విద్య నేర్పినది. 2019 నాటికి అక్కడి బడులలో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లకు ఈ పద్ధతి వర్తింపజేస్తూ, మూడువేల కోట్ల రూపాయల వ్యయం తప్పుతుందని లెక్క చెప్పినారు. నా దృష్టిలో ఆ డబ్బు కంటె, యంత్రం మొరాయిస్తే విప్పి చూడగల ఉపాధ్యాయుడు ఊరూర తయారుకావటం గొప్ప. తెలుగునాట కూడ 2005 నుండి స్వేచ్ఛ అనే సంస్థ తెలుగులో ఈ సాఫ్టువేరును అందించటానికి పాటుపడినది.

లినక్స్ అక్కరలేదు, విండోసే కావలెననే బడికి వేరొక మార్గం ఉన్నది. విద్యాసంస్థలకు మాత్రం మైక్రోసాఫ్టు యంత్రానికి మొదటి సంవత్సరం ఒక డాలరు, రెండవ ఏడు రెండు, మూడవ ఏడు నాలుగు డాలర్ల వెలకు రక్షణ సవరణలను పొడిగించినది. వ్యాపార సంస్థలకు మొదటి ఏటి వెల 61 డాలర్లు. ఇచ్చే కార్యాలయం ఆ ఏడు డాలర్లు కూడ కలిపి ఇస్తే ఎంత బాగుండును!

మన ప్రాంతానికి ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఉన్నది, దీనిని పైవారెవరూ చెప్పరు. డీటీపీ దుకాణంలోని పాత కంప్యూటరులో పేజ్‌మేకరు ఉంటుంది, అను లిపులు ఉంటవి. పేజ్‌మేకరు ఏడవ కూర్పు 2001లో వచ్చినది. ఆ తరువాత కొత్తది రాలేదు. అను, శ్రీలిపి వంటి పాత ఖతులలో తెలుగు అక్షరాలను ఇంగ్లీషు అక్షరాల స్థానాలలో కూర్చినారు. ఆ ఖతి లేని యంత్రంలో తెరిస్తే పద్యమైనా, పెండ్లి శుభలేఖ అయినా పిచ్చిగీతలుగా కనబడును. యూనికోడులో తెలుగుకు 1991లోనే చోటు దొరికినా, మన అచ్చు వ్యవహారం చాలాకాలం పాత దారినే నడిచినది. కనుక బడి వార్షిక సంచికలు, స్థానిక కవుల పుస్తకాలు, కరపత్రాలు ఆ పెట్టెలో ఏమేమి ఉన్నవో చూసి, వాటిని యూనికోడులోకి మార్చి, వేరే దాచిన తరువాతనే యంత్రాన్ని కదిలించవలెను. లేకుంటే ఆవుతో పాటు ఇంటి దస్తావేజులు కూడ తోలివేసినట్లే.

దాచటం ఎంత ముఖ్యమో, తుడవటం అంత ముఖ్యం. ఫైలును డిలీట్ చేస్తే పోయినదనుకొనటం భ్రమ. పుస్తకంలోని విషయసూచికలో ఒక పంక్తి కొట్టివేసినట్లు మాత్రమే అది; అధ్యాయం లోపల అలాగే ఉన్నది. ఆధారు ప్రతులు, బ్యాంకు పాసుపుస్తకాల నకళ్లు, జీతాల పట్టికలు వెతికి తీసేవాడు తీయగలడు. డిస్కు అంతటా కొత్త సమాచారం వ్రాసి పూర్తిగా తుడిచే ప్రోగ్రాములు ఉచితంగా దొరుకుతవి. ఎస్‌ఎస్‌డీకైతే దాని తయారీదారు ఇచ్చిన చెరిపివేత ఆజ్ఞనే వాడవలెను. అంత ఓపిక లేకపోతే డిస్కును తీసి ఉంచుకొని, మిగతా యంత్రాన్ని ఇయ్యండి. ప్రభుత్వ కార్యాలయమైతే, రిజిస్టరులో కొట్టివేత ఉత్తర్వు లేనిదే గుమాస్తా తన ఇష్టప్రకారం దానం చేయరాదన్నది అందరికీ తెలిసినదే.

ఇచ్చేటప్పుడు తీగెలు, మౌసు, పాస్‌వర్డు కాగితంతో సహా ఇవ్వండి. ముద్రణ యంత్రం జతచేస్తే, లినక్స్ మీద ఒక పుట అచ్చువేసి చూసి మరీ ఇవ్వండి. కొన్ని మొండి యంత్రాలు అక్కడా పలుకవు. వేసవి సెలవులలో అందజేస్తే, జూనులో బడి తెరిచేలోగా ఉపాధ్యాయుడు ఒకసారి విప్పి, దుమ్ము దులిపి, బిగించుకొనే వ్యవధి ఉంటుంది.