సొంత కారులో అరకు వెళ్తున్నారా?

మన ఎస్.కోట దాటిన కొద్ది దూరానికే అనంతగిరి ఘాట్ రోడ్డు మొదలవుతుంది. సెలవులొస్తే పిల్లాపాపలతో సొంత కారులో అరకు బయలుదేరే కుటుంబాలు చాలా ఉన్నాయి. వారికి మేము చెప్పేది ఒకటే: కారుతోపాటు దానిని నడిపేవారి ఆరోగ్యం కూడా చూసుకోండి.

వాంతులు రాకుండా వేసుకునే మాత్రల్లో చాలావరకు మగత కలిగిస్తాయి. జలుబు మాత్రలు కొన్ని కూడా అంతే. కారు నడిపేవారు వాటిని వేసుకోరాదు. ముందు రాత్రి కంటినిండా నిద్రపోవాలి. వాంతులయ్యే పెద్దలు మితంగా తిని, ముందు సీటులో కూర్చుని, దూరపు కొండలను చూడాలి. పసిపిల్లలకు డాక్టరును అడగకుండా ఏ మాత్రా ఇవ్వరాదు. బీపీ, షుగరు మందులు చేతిసంచిలోనే ఉంచుకోండి.

దిగేటప్పుడు కూడా ఎక్కినప్పటి చిన్న గేరులోనే నడపాలి. అదేపనిగా తొక్కితే బ్రేకులు వేడెక్కి పట్టవు. 2021 ఫిబ్రవరిలో ఈ దారిలోనే డముకు దగ్గర పర్యాటకుల బస్సు లోయలో పడి నలుగురు మరణించారు. చీకటి పడకముందే ఘాట్ దిగేయండి. ప్రమాదం జరిగితే 108కి ఫోను చేయండి.

ఏజెన్సీలో మలేరియా ఉంది. దోమ కుట్టిన 10-15 రోజులకు గాని సాధారణంగా జ్వరం రాదు. అప్పటికి ప్రయాణం సంగతే మరచిపోతాము. నెలలోపు చలిజ్వరం వస్తే, అరకు వెళ్లామని డాక్టరుకు తప్పక చెప్పి, రక్తపరీక్ష చేయించుకోండి.