హాబీ గ్రూప్‌కి ఆన్‌లైన్ మీటప్ పెడుతున్నారా? ముందు డేటా లెక్క చూడండి

రాయదుర్గంలో ఉన్నవాళ్లకి ఫొటో వాక్ చాలా ఈజీ. మెట్రో బ్లూ లైన్ చివరి స్టేషన్‌లో దిగితే చుట్టూ గాజు బిల్డింగులు, దగ్గర్లోనే 2020 సెప్టెంబర్‌లో ఓపెన్ చేసిన దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి. నైట్ మోడ్ టెస్ట్ చేయడానికి ఇంకేం కావాలి? కానీ మా మొబైల్ ఫొటోగ్రఫీ గ్రూప్‌లో సగం మంది ఇక్కడ ఉండరు. శ్రీకాకుళం, ఆదిలాబాద్, డాలస్... తలో చోట ఉన్నారు. అందుకే నెలకి రెండు శనివారాలు ఆన్‌లైన్‌లో కలుస్తాం. హోస్ట్ చేసేది నేనే.

ఇన్నాళ్ల అనుభవంతో నేను చెప్పేది ఒక్కటే. మీ ఇంట్లో ఉన్న ఫైబర్ స్పీడ్ చూసి మీటప్ ప్లాన్ చేయకండి. గ్రూప్‌లో రోజుకి 1.5 జీబీ ప్యాక్ మీద నడిచేవాళ్లని చూసి ప్లాన్ చేయండి.

గంటకి ఎంత ఖర్చవుతుంది?

1 ఎంబీపీఎస్ వీడియో గంటసేపు నడిస్తే సుమారు 450 ఎంబీ అయిపోతుంది. రాత్రి తొమ్మిదింటికి చాలామంది దగ్గర మిగిలేదే అంత. "డేటా అయిపోయింది" అని ఎవరూ చెప్పరు. "నెట్ బాలేదు అన్నా" అని డ్రాప్ అవుతారు. రెండుసార్లు అలా జరిగితే మూడోసారి అసలు జాయినే అవ్వరు.

చాలామంది తమ కెమెరా ఆఫ్ చేస్తే డేటా మిగులుతుందనుకుంటారు. దానివల్ల తగ్గేది అప్‌లోడ్ మాత్రమే. అవతలివాళ్ల వీడియో వస్తూనే ఉంటుంది కదా! జూమ్‌లో ఇన్‌కమింగ్ వీడియో ఆపే ఆప్షన్ ఉంది, గూగుల్ మీట్‌లో ఆన్-ద-గో మోడ్ ఉంది. వాయిస్ ఒక్కటే అయితే గంటకి కొన్ని పదుల ఎంబీలు చాలు. మేం మొదటి ఐదు నిమిషాలు అందరం ముఖాలు చూసుకుని పలకరించుకుంటాం. ఆ తర్వాత మాటలే.

ఫొటోలు స్క్రీన్ షేర్ చేయకండి

స్క్రీన్ షేర్‌లో ఫొటో కూడా వీడియోలాగే కంప్రెస్ అవుతుంది. మనం వాదించుకునేది నాయిస్ గురించి, షార్ప్‌నెస్ గురించి. ముందు పోయేవి అవే! అందుకే మీటప్‌కి ఒకరోజు ముందు ఎనిమిది పది ఫొటోలు గ్రూప్‌లో పెట్టేస్తాం, వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా. అలా పంపితే కంప్రెషన్ ఉండదు. వైఫై దొరికినప్పుడు డౌన్‌లోడ్ చేసుకుంటారు. కాల్‌లో "నాలుగో ఫొటో" అనగానే ఎవరి ఫోన్‌లో వాళ్లు జూమ్ చేసి చూస్తారు.

ఒక జాగ్రత్త. డాక్యుమెంట్‌గా పంపిన ఫొటోతో పాటు జీపీఎస్ లొకేషన్ కూడా వెళ్లిపోవచ్చు. ఇంటి బాల్కనీలోనో, హాస్టల్ టెర్రస్ మీదో తీసిన ఫొటో అయితే మీ అడ్రస్ ఇచ్చేసినట్టే. షూట్ చేసే ముందే కెమెరా సెట్టింగ్స్‌లో లొకేషన్ ట్యాగ్ ఆఫ్ చేయండి. కొత్తగా చేరినవాళ్లకి మేం చెప్పే మొదటి రూల్ ఇదే.

యాప్, టైమ్

ఫ్రీ అకౌంట్‌తో గ్రూప్ కాల్ జూమ్‌లో 40 నిమిషాలు, గూగుల్ మీట్‌లో 60 నిమిషాలు. గంట చాలు. టైమ్ అయిపోతోందంటే కబుర్లు వాటంతట అవే తగ్గుతాయి. పదిమంది లోపే అయితే వాట్సాప్ కాల్ లింక్ సరిపోతుంది, కొత్త యాప్ గోల ఉండదు.

మాకు శనివారం రాత్రి 9 గంటలు కుదిరింది. డాలస్‌లో అప్పుడు ఉదయం 10:30. నవంబర్‌లో అక్కడ గడియారం మారాక 9:30 అవుతుంది. ఆ వారం గ్రూప్‌లో ఇంకోసారి గుర్తుచేయాలి.

మాట్లాడలేనివాళ్ల సంగతి

పీజీలో ముగ్గురున్న రూమ్‌లో రాత్రి పూట గట్టిగా మాట్లాడటం కుదరదు. వాళ్లు చాట్‌లో టైప్ చేస్తారు, హోస్ట్ పైకి చదవాలి. ఈ పని కోసం ప్రతిసారీ ఒకరిని పెట్టుకోండి. పాత ఫోన్, చిన్న ప్యాక్, షేరింగ్ రూమ్... వీటితో వచ్చేవాళ్లు కూడా చివరిదాకా ఉంటేనే అది మీటప్. లేదంటే రాయదుర్గంలో ఉన్న నలుగురం టీ కొట్టు దగ్గర కలిస్తే సరిపోతుంది, లింక్ ఎందుకు?