కడుపులోని కళాయి

ఏ ఇంట్లో చూసినా ఈమధ్య వినబడే మాట ఒకటుంది, "గ్యాసు". ఛాతీలో మంట వస్తే గ్యాసు, పుల్లతేన్పులు వస్తే గ్యాసు, ముద్ద దిగకపోయినా గ్యాసే. అందులోనూ మన ఆడవాళ్ళ సంగతి చెప్పనే అక్కర్లేదు. ఇంటిల్లిపాదికీ వడ్డించి, ఏ మూడింటికో మిగిలింది తిని, గుండెల్లో మండుతుంటే చిటికెడు తినేసోడా నీళ్ళలో వేసుకుని తాగి మళ్ళీ పనిలో పడిపోతాం. మంట చల్లారింది కదా అని ఊరుకుంటాం. కానీ మంట చల్లారడం వేరు, లోపలి పొర బాగుండడం వేరు. ఈ తేడా ప్రతి గృహిణీ తెలుసుకోవాలి.

రెండు రకాల పొరలు

మనం మింగిన ముద్ద గొంతు దాటాక అన్నవాహికలోకి దిగుతుంది. పెద్దవాళ్ళలో ఇది దాదాపు 25 సెంటీమీటర్ల గొట్టం. దీని లోపలి పొర మన బుగ్గ లోపలి పొరలాంటిదే. బల్లపరుపు కణాలు వరస మీద వరసగా పేర్చినట్టు ఉంటాయి. అప్పడం ముక్క గీసుకుంటూ పోయినా పై వరస కణాలు రాలిపోయి, కింది నుంచి కొత్తవి వస్తాయి. అంటే ఈ పొర రాపిడికి తట్టుకుంటుంది. ఆమ్లానికి మాత్రం అంతగా తట్టుకోదు.

జీర్ణాశయం పొర అలా కాదు. ఇక్కడ పైన కణాలు ఒకే వరసలో స్తంభాల్లా నిలబడి ఉంటాయి. మధ్యమధ్య చిన్న గుంటలు, వాటి అడుగున గ్రంథులు. ఈ గ్రంథుల్లో కొన్ని కణాలు హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని తయారుచేస్తాయి. మాంసకృత్తులను అరిగించే రసం కొన్నిటి పని. పై వరస కణాలు జిగురునూ, ఆమ్లాన్ని విరిచే క్షారాన్నీ ఊరుస్తాయి.

కళాయి పోయిన ఇత్తడి గిన్నెలో చింతపండు పులుసు కాస్తే ఏమవుతుందో మనకు తెలుసు. చిలుమెక్కుతుంది. కళాయి ఉంటే ఏమీ కాదు. జీర్ణాశయానికి ఈ జిగురే కళాయి. పైగా ఆ పై కణాలు కొద్దిరోజులకే రాలిపోయి కొత్తవి వస్తుంటాయి. అన్నవాహికకు ఇలాంటి కళాయి లేదు. అందుకే రెండూ కలిసే చోట కండరం ఒక తలుపులా బిగుసుకుని, పులుపును పైకి రాకుండా ఆపుతుంది.

పొర ఎలా పాడవుతుంది?

ఆ తలుపు వదులైతే ఆమ్లం పైకి ఎగదన్నుతుంది. అన్నవాహిక పొర ఎర్రబడి, ఒరుసుకుపోయి, పుండ్లు పడుతుంది. పుండు మానిన చోట మచ్చ బిగిసి దారి ఇరుకవుతుంది. ఏళ్ళ తరబడి ఇలాగే సాగితే కొందరిలో మరో వింత జరుగుతుంది. బల్లపరుపు కణాలు పోయి, వాటి స్థానంలో పేగులో ఉండేలాంటి స్తంభాకార కణాలు వస్తాయి. దీనిని బారెట్ అన్నవాహిక అంటారు. 1950లో దీని గురించి రాసిన బ్రిటన్ సర్జన్ నార్మన్ బారెట్ పేరు దానికి అలా స్థిరపడింది. ఇది క్యాన్సర్ కాదు. చాలామందిలో క్యాన్సర్‌గా మారదు కూడా. కానీ మారే అవకాశం కొంత ఉంది కనుక డాక్టర్లు చెప్పిన గడువుకు మళ్ళీ చూపించుకుంటూ ఉండాలి.

జీర్ణాశయంలో పుండు పడితే పూర్వం కారం మీదా, దిగులు మీదా నెట్టేవారు. ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో రాబిన్ వారెన్, బ్యారీ మార్షల్ అనే డాక్టర్లు ఆ మాట మార్చేశారు. రోగుల జీర్ణాశయం నుంచి తీసిన ముక్కల్లో వంకర తిరిగిన సూక్ష్మజీవి కనిపించింది. 1982లో దాన్ని పెంచగలిగారు. ఎవరూ నమ్మకపోతే 1984లో మార్షల్ ఆ క్రిములున్న ద్రవాన్ని తానే తాగేసి, కడుపు పొర వాపు తెచ్చుకున్నాడు! ఇద్దరికీ 2005లో నోబెల్ బహుమతి వచ్చింది. హెలికోబాక్టర్ పైలోరీ అనే ఈ క్రిమి తన చుట్టూ అమ్మోనియా తయారుచేసుకుని ఆమ్లంలోనూ బతుకుతుంది. చాలామందికి చిన్నతనంలోనే అంటుకుంటుంది. ఏళ్ళ తరబడి ఉండిపోతే కొందరిలో గ్రంథులు పలచబడి, క్యాన్సర్‌కు దారితీయవచ్చు.

పుండుకు రెండో కారణం నొప్పి బిళ్ళలు. ఒళ్ళునొప్పులకూ తలనొప్పికీ మందుల షాపులో అడిగి వేసుకునే డైక్లోఫెనాక్, ఇబుప్రొఫెన్, ఆస్పిరిన్ వంటివి ఆ జిగురు కళాయినే పలచన చేస్తాయి. అన్నం తిని వేసుకున్నా ఈ ప్రమాదం పోదు. అయితే గుండెకోసం డాక్టరు రాసిన ఆస్పిరిన్‌ను మాత్రం అడక్కుండా మానకండి.

ఇక మనదేశంలో అన్నవాహిక క్యాన్సర్ ఎక్కువగా ఆ బల్లపరుపు కణాలలోనే పుడుతుంది. పొగాకు, సారాయి, వక్క దీనికి ముఖ్య కారణాలు. పొగాకు లేని కిళ్ళీలోని వక్క కూడా మంచిది కాదు. పొగలు కక్కే టీని నోరు కాలుతుండగా తాగే అలవాటు కూడా మానుకోవాలి.

రక్తం తక్కువైన ఆడవాళ్ళు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. ఇనుము బాగా తగ్గిపోతే కొందరికి అన్నవాహిక పైభాగంలో పల్చని పొర అడ్డం పడి, ముద్ద దిగక ఇబ్బంది పెడుతుంది. నడివయసు స్త్రీలలోనే ఇది ఎక్కువ. నిర్లక్ష్యం చేస్తే అక్కడ క్యాన్సర్ వచ్చే ప్రమాదం ఉంది.

ఎండోస్కోపీ అంటే భయమా?

పరగడుపున వెళ్ళాలి. గొంతుకు తిమ్మిరి మందు కొట్టి, కెమెరా ఉన్న సన్నని గొట్టాన్ని నోటి నుంచి పంపుతారు. మామూలుగా కొద్ది నిమిషాల పని. లేత గులాబీరంగు అన్నవాహిక పొర ఆగి, ఎర్రని జీర్ణాశయం పొర మొదలయ్యే గీత డాక్టరుకు తెరమీద కనబడుతుంది. అనుమానం ఉన్నచోట బియ్యపుగింజ కన్నా చిన్న ముక్క తీస్తారు. అది నొప్పి తెలియదు. క్రిమి ఉందేమోనని ఒక ముక్కను పసుపు రంగు జిగురులో పెడతారు. ఉంటే అది గులాబీరంగుకు తిరుగుతుంది. మిగతా ముక్కల్ని సూక్ష్మదర్శిని కింద చూసి, ఉత్త వాపా, కణాల రూపం మారిందా, క్యాన్సరా అన్నది తేలుస్తారు. కంటికి ఒకేలా కనబడే పుండ్లలో ఏది ఏదో చెప్పేది ఈ ముక్కే.

ఆలస్యం చేయకూడని లక్షణాలు

* ముద్ద గొంతులోనో ఛాతీలోనో ఆగడం, మొదట గట్టివి, తరువాత జావ కూడా దిగకపోవడం
* కారణం లేకుండా బరువు తగ్గడం, ఆకలి చచ్చిపోవడం
* రక్తపు వాంతి, తారులా నల్లటి విరేచనం (ఇనుము బిళ్ళలకూ నల్లగా అవుతుంది, ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి)
* ఎంతకీ పెరగని రక్తం
* ఆగని వాంతులు
* కొన్ని వారాలు మందు వాడినా తగ్గని మంట

మంటతోపాటు చెమటలు, ఆయాసం, దవడకో చేతికో పాకే నొప్పి ఉంటే అది గుండెపోటు కావచ్చు. సోడా కలపడం కాదు, వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి.

ఇంట్లో మనం చేసుకోగలిగినవి

రాత్రి భోజనానికీ పడకకూ మధ్య రెండు మూడు గంటల ఎడం ఉంచండి. మంచం తలవైపు కోళ్ళ కింద ఇటుకలు పెట్టి జానెడు కన్నా కాస్త తక్కువ ఎత్తు చేయండి. దిండ్లు పేర్చడం వల్ల మెడ నొప్పే మిగులుతుంది. ఎడమవైపు తిరిగి పడుకోండి. లంగా బొందు కడుపు మీద బిగించి కట్టకండి. ఒళ్ళు ఎక్కువైతే తగ్గించండి. కారం పుండు పుట్టించదు కానీ, మంట ఉన్నవారు తమకు పడనిదేదో చూసుకుని తగ్గించుకోవాలి. పాలు తాగితే కాసేపే చల్లదనం, తరువాత ఆమ్లం ఇంకా ఊరుతుంది. బి.పి. ఉన్నవాళ్ళు తినేసోడా జోలికి పోవద్దు, అందులో సోడియం ఎక్కువ. క్రిమికి మందులు రాస్తే మంట తగ్గిందని మధ్యలో మానకుండా పూర్తి కోర్సు వాడాలి. తరువాత అది పోయిందో లేదో పరీక్ష చేయించుకోవాలి.

ముక్క పరీక్ష రిపోర్టు వచ్చాక దాన్ని బీరువాలో పడేయకుండా డాక్టరుకు చూపించి, "మళ్ళీ ఎప్పుడు రావాలి?" అని అడగండి. పిల్లల పరీక్షలు, ఇంట్లో పెళ్ళి, పండగ, ఇవన్నీ అయ్యాక చూద్దాంలే అని మాత్రం అనకండి.